నగరం తినే అన్నం లెక్క నగరం ఖాతాలోనే రాయాలి

పంట ఖర్చు లెక్కలో ఏది కలపాలి, ఏది వదిలేయాలి అన్న దాని మీద మన రైతు సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాయి. ప్రభుత్వం ఎ2+ఎఫ్ఎల్ అంటుంది. అంటే చేతి ఖర్చులు, ఇంటిల్లిపాది చేసిన కష్టం. మనం సి2 అంటున్నాం. అంటే దానికి భూమి కౌలు, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలపమంటున్నాం. చేను అదే, పంట అదే. లెక్క మారితే మాత్రం మద్దతు ధర క్వింటాలుకు వందల రూపాయలు మారిపోతుంది. లెక్కలో ఏముండాలో తేల్చే వాళ్ల చేతిలోనే మన కష్టం విలువ ఉంటుందని మనకు అనుభవం మీద తెలిసిన సంగతి.

ఇప్పుడు అలాంటిదే ఇంకో లెక్క మన మీదికి వస్తోంది. అది కర్బన ఉద్గారాల లెక్క. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్, వరి మళ్ల నుంచి, పశువుల నుంచి వచ్చే మీథేన్, యూరియా చల్లిన నేల నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్, ఇవన్నీ భూమిని వేడెక్కిస్తున్నాయి. వీటిలో ఎవరి వాటా ఎంత అన్నది తేల్చే లెక్క ఇది. వానలు గతి తప్పి, వడగండ్లకు గింజ రాలి, ఎండలకు పూత మాడి ముందుగా నష్టపోతున్నది మనమే. కాబట్టి ఈ లెక్క మనకు పట్టనిది కాదు. ఎక్కడ మీటింగు జరిగినా "వరి తగ్గించండి, మీ మళ్ల నుంచి మీథేన్ వస్తోంది" అని మనకు పాఠం చెబుతున్నారు. ఆ వడ్లు పట్టించిన బియ్యం ఎవరు తింటున్నారు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు. ఆ ప్రశ్న వేయాల్సింది మనమే.

పొగ ఎక్కడ లేస్తే అక్కడే రాస్తున్నారు

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, వాయువు ఎక్కడ పుడితే ఆ ఊరి పేరు మీద రాయడం. మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చే నివేదికల్లో మొత్తం ఉద్గారాల్లో వ్యవసాయం వాటా సుమారు 14 శాతం అని ఉంటుంది. నాలుగింట మూడు వంతులు ఇంధనం, కరెంటుదే. ఆ 14 శాతం వ్యవసాయం పేరు మీద, అంటే మన పేరు మీద పడుతుంది.

నగరాలు తమ లెక్క ఎలా రాసుకుంటున్నాయో చూద్దాం. ముంబై 2022 మార్చిలో తన వాతావరణ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2019 సంవత్సరానికి నగరం ఉద్గారాలు 2 కోట్ల 34 లక్షల టన్నులని తేల్చింది. అందులో 72 శాతం ఇళ్లు, ఆఫీసులు, పరిశ్రమలు వాడే కరెంటు, ఇంధనం. 20 శాతం రవాణా. 8 శాతం చెత్త. బాగానే ఉంది. కరెంటు బయటి నుంచి వచ్చినా వాడిన నగరం ఖాతాలోనే రాసుకున్నారు, అది న్యాయమే. కానీ ఈ మూడు పద్దుల్లో అన్నం లేదు. పాలు లేవు. అపార్టుమెంట్లకు పోసిన సిమెంటు లేదు, స్టీలు లేదు. కట్టుకున్న బట్టలు లేవు, కొన్న ఫోన్లు, ఫ్రిజ్‌లు లేవు. నగరం తింటున్నది, కట్టుకుంటున్నది, కడుతున్నది అన్నీ ఎక్కడో ఊరి లెక్కలో, ఫ్యాక్టరీ ఉన్న మండలం లెక్కలో పడిపోయాయి. ముంబైని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ప్రపంచంలో చాలా నగరాలు వాడే పద్ధతే అది.

మన హైదరాబాదును తీసుకోండి. నగరానికి సిమెంటు తాండూరు నుంచి, మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు నుంచి, ఇటు పల్నాడు, జగ్గయ్యపేట నుంచి వస్తుంది. కరెంటు రామగుండం, కొత్తగూడెం, మణుగూరు, దామరచర్ల నుంచి వస్తుంది. తాగే నీళ్లు అటు నాగార్జునసాగర్ నుంచి, ఇటు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో ఎత్తిపోస్తే వస్తాయి. బియ్యం, పాలు, కూరగాయలు మన ఊళ్ల నుంచి వెళ్తాయి. సున్నపురాయి దుమ్ము, బూడిద చెరువులు, మీథేన్ మన దగ్గర మిగులుతాయి. సరుకు అక్కడికి పోతుంది, దాని లెక్క ఇక్కడే ఉంటుంది.

వాడుకున్న వాళ్ల పేరు మీద రాసే లెక్క

దీనికి ఇంకో పద్ధతి ఉంది. వినియోగాన్ని బట్టి లెక్క కట్టడం. సూత్రం తేలికే. నగరంలో పుట్టిన ఉద్గారాలకు, బయటి నుంచి తెచ్చుకున్న సరుకు వెనక ఉన్న ఉద్గారాలు కలపాలి. నగరంలో తయారై బయటివాళ్లకు అమ్మిన సరుకు వెనక ఉన్నవి తీసేయాలి. మిగిలింది ఆ నగరం అసలు లెక్క.

లెక్క కట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఖర్చు దారి. కుటుంబాలు దేని మీద ఎంత ఖర్చు పెడుతున్నాయో సర్వేలుంటాయి. ఒక్కో రకం సరుకు మీద రూపాయి ఖర్చయితే వెనక ఎంత ఉద్గారం ఉంటుందో పట్టికలుంటాయి. రెంటినీ గుణిస్తారు. రెండోది సరుకు దారి. బియ్యం ఎన్ని కిలోలు, సిమెంటు ఎన్ని టన్నులు, కరెంటు ఎన్ని యూనిట్లు అని విడివిడిగా తీసి లెక్కిస్తారు. మొదటిది తొందరగా తేలుతుంది, రెండోది నిక్కచ్చిగా ఉంటుంది. మంచి లెక్కలో రెండూ కలిపి వాడతారు.

ఇది ఎవరో ఊహించి చెబుతున్న మాట కాదు. లండన్ నగరానికి ఈ లెక్క కట్టారు. నగరం హద్దుల్లో పుట్టే ఉద్గారాలకు రెట్టింపు పైగా తేలింది. 2019లో లండన్‌లోని స్థానిక సంస్థలన్నీ కలిసి, వినియోగం వల్ల వచ్చే ఉద్గారాలను 2030 నాటికి మూడింట రెండు వంతులు తగ్గిస్తామని, తిండి, బట్టలు, ఎలక్ట్రానిక్ సామాన్లు, విమాన ప్రయాణాల మీద దృష్టి పెడతామని మాట ఇచ్చాయి. సి40 అనే ప్రపంచ నగరాల కూటమి 2018లో 79 నగరాలకు ఈ లెక్క వేయించింది. వాడుకను బట్టి చూస్తే మొత్తం 350 కోట్ల టన్నులు. పాత పద్ధతిలో వచ్చిన దానికంటే ఇది 60 శాతం ఎక్కువ.

నిజం పూర్తిగా చెప్పుకోవాలి. ఆ 79లో దక్షిణాసియా, ఆఫ్రికా వైపు కొన్ని నగరాలకు ఈ పద్ధతిలో లెక్క తగ్గింది. ఆ నగరాలు తాము వాడుకునే దానికంటే ఎక్కువ తయారుచేసి బయటికి పంపుతున్నాయి. హైదరాబాదు చుట్టూ తయారై అమెరికాకు పోయే మందుల వెనక ఉన్న ఉద్గారం ఈ లెక్కలో అమెరికా ఖాతాకు పోతుంది. అది కూడా న్యాయమే. మన వడ్లకు ఏ సూత్రం అడుగుతున్నామో అక్కడి కార్మికుడు చేసిన మందుబిళ్లకూ అదే సూత్రం వర్తించాలి. మనకు కావాల్సింది నగరాన్ని దోషిగా నిలబెట్టడం కాదు, సరైన ఖాతా.

ఒక ఎకరం, ఒక ఫ్లాటు

చేతి లెక్క వేసి చూద్దాం. మన దేశ అధికారిక లెక్కల్లో, ఎప్పుడూ నీళ్లు నిలిపి ఉంచే వరి మడికి హెక్టారుకు ఒక పంటలో 162 కిలోల మీథేన్ అని పెడతారు. ఎకరాకు 65 కిలోలు. మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే వందేళ్ల లెక్కలో సుమారు 28 రెట్లు వేడి చేస్తుంది. అంటే ఎకరాకు సుమారు 1,820 కిలోలతో సమానం. పాతిక క్వింటాళ్లు పండి, వాటికి 67 శాతం బియ్యం వస్తాయనుకుంటే, కిలో బియ్యం వెనక కిలోకు కాస్త పైన పడుతుంది. మోటారు కరెంటు, యూరియా కూడా కలిపి ఉదారంగా కిలోన్నర వేసుకుందాం.

నలుగురున్న ఇంట్లో నెలకు 30 కిలోల బియ్యం తింటే ఏడాదికి 360 కిలోలు. వాటి వెనక 540 కిలోల ఉద్గారం.

ఇప్పుడు అదే కుటుంబం నెలకు 200 యూనిట్ల కరెంటు వాడితే? మన దేశంలో యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు పడుతుంది. ఏడాదికి 1,680 కిలోలు. తిన్న అన్నానికి మూడు రెట్లు. ఏసీలు పెట్టుకుని 500 యూనిట్లు కాల్చే ఇంటికి 4,200 కిలోలు.

ఇక ఇల్లు. మేస్త్రీలను అడిగితే వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇంటికి 400 బస్తాల సిమెంటు, నాలుగు టన్నుల స్టీలు పడుతుందంటారు. సిమెంటు 20 టన్నులు. టన్నుకు అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి అది 10 టన్నుల పైమాటే. మన దేశంలో స్టీలు టన్నుకు సుమారు రెండున్నర టన్నులు, అది ఇంకో 10. మొత్తం 20 టన్నులు. అంటే ఒక్క వెయ్యి అడుగుల ఫ్లాటు కట్టడానికి పుట్టిన ఉద్గారం, ఆ కుటుంబం 37 ఏళ్లు తినే అన్నం వెనక ఉన్నదానితో సమానం. ఆ ఫ్లాటు రెండోదో మూడోదో అయి, పెట్టుబడికి కొని తాళం వేసి ఉంచిందైతే ఏమనాలి? అన్నం తినకుండా ఎవరూ బతకలేరు. తాళం వేసిన ఫ్లాటు లేకుండా బతకగలరు.

వరిని వదిలేయమని ఇప్పుడు మనకు చెబుతున్న వాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపించిన సందర్భం మాకు ఎప్పుడూ ఎదురుకాలేదు.

నగరంలో అందరూ ఒకటి కాదు

ఇంకో జాగ్రత్త. నగరం ఖాతాలో రాయాలి అంటే నగరంలోని అందరి మీదా సమానంగా రుద్దమని కాదు. పాలమూరు నుంచి వలస వెళ్లి అడ్డా మీద నిలబడే కూలీ కూడా నగరవాసే. మన పిల్లలే హాస్టళ్లలో, ఇరుకు గదుల్లో ఉండి చదువుకుంటున్నారు, డెలివరీ బండ్లు నడుపుతున్నారు. 2022-23 కేంద్ర ప్రభుత్వ వినియోగ ఖర్చుల సర్వే ప్రకారం, దేశంలోని పట్టణాల్లో అందరికంటే పైన ఉన్న 5 శాతం మంది తలకు నెలకు 20,824 రూపాయలు ఖర్చు పెడుతున్నారు. అట్టడుగు 5 శాతం మంది 2,001 రూపాయలు. పదింతల తేడా. అదే సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో సగటు 3,773, పట్టణాల్లో 6,459.

కాబట్టి నగరం లెక్క సగటు తీసి ఊరుకుంటే మోసమే. ఏ ఆదాయం వాళ్లు ఎంత అని విడగొట్టి చూపాలి. బస్సులో పోయే వాళ్లకూ, నెలకు రెండుసార్లు ఢిల్లీకి విమానంలో పోయి వచ్చే వాళ్లకూ ఒకే నీతి చెబితే చెల్లదు.

తగ్గించడం అంటే మన ధర తగ్గించడం కాదు

లెక్క కట్టిన తర్వాత అసలు కథ మొదలవుతుంది. ఉద్గారం తగ్గించాలి. ఎవరు తగ్గించాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? మాకు ఇక్కడే అనుమానం. నగరం తన ఖాతాలో బియ్యం మీథేన్ పెద్దగా కనిపించగానే, "తక్కువ మీథేన్ బియ్యమే కొంటాం" అని షరతు పెట్టి, ఆ భారాన్ని కొనుగోలు కేంద్రం కాంటా దగ్గర మన మీదే దింపే ప్రమాదం ఉంది. ఇప్పటికే తేమ, తాలు, తరుగు పేరుతో కోత పెడుతున్నారు. రేపు కర్బనం పేరుతో ఇంకో కోత రాకూడదు.

మన చేతిలో ఉన్న పని ఏమీ లేదని మేము అనడం లేదు. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలపకుండా, తడిపి, ఆరబెట్టి మళ్లీ తడిపే పద్ధతి ఉంది. చిల్లులు పెట్టిన పైపు ముక్క మడిలో దిగేసి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడి పెట్టడం. అధికారిక లెక్కల్లోనే, పలుమార్లు ఆరబెట్టిన మడికి హెక్టారుకు 18 కిలోల మీథేన్ అని వేస్తారు. 162 ఎక్కడ, 18 ఎక్కడ! నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరిగినా మొత్తం మీద లాభమే. నీళ్లూ ఆదా అవుతాయి.

మరి అందరూ ఎందుకు చేయడం లేదు? ఆరిన మడిలో కలుపు లేస్తుంది. కలుపు మందుకో, కూలీలకో ఖర్చవుతుంది. కాలువ చివరి భూములకు నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు. వస్తాయన్న నమ్మకం లేని రైతు, ఉన్న నీళ్లను మడి నుంచి పోనివ్వడు. పొట్ట దశలో, ఈనే దశలో తడి తప్పితే తాలు పోతుంది, ఆ నష్టం పూర్తిగా మనదే. కౌలు రైతుకైతే పంట తగ్గినా కౌలు తగ్గదు. అంటే ఇది రైతుకు తెలియక చేయని పని కాదు, నష్టభయం మోయలేక చేయని పని. ఆ భయాన్ని అన్నం తినే వాళ్లు కూడా పంచుకుంటే మన రైతు రేపే చేస్తాడు. వినియోగం లెక్క మనకు ఉపయోగపడేది ఇక్కడే. మీథేన్ నగరం ఖాతాలో ఉంటే, దాన్ని తగ్గించే ఖర్చు కూడా నగరం ఖాతాలోంచి రావాలని అడిగే హక్కు మనకు వస్తుంది.

ఈ మధ్య మా మండలంలోకి కార్బన్ క్రెడిట్ల పేరుతో కొందరు వచ్చారు. ఇదే పద్ధతి చేయండి, డబ్బులిస్తాం అన్నారు. ఒప్పందం కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఎకరాకు ఎంత ఇస్తారో రాయలేదు, ఎన్నేళ్లు కట్టుబడాలో మాత్రం రాశారు. పట్టాదారు సంతకం అడిగారు, కౌలు రైతు ఊసే లేదు. ఇలాంటి వ్యవహారంలో మన మడిలో తగ్గిన మీథేన్‌ను ఎక్కడో ఒక కంపెనీ కొనుక్కుని, తన పొగ తగ్గినట్టు రాసుకుంటుంది. దాని పొగ గొట్టం మాత్రం అలాగే ఉంటుంది. ధర, గడువు, కొలిచే ఖర్చు ఎవరిది, కౌలు రైతు వాటా ఎంత, ఈ నాలుగూ తెలుగులో రాసి ఇవ్వనిదే ఎవరూ సంతకం పెట్టొద్దని సభ్యులందరికీ మా మనవి.

నగరం తనంతట తాను చేయగలిగినవి

నగరం ముందు తన చేతిలో ఉన్నవి చేయాలి. తిండి పారేయడం ఒకటి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లల్లో తలకు ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోంది. ఫంక్షన్ హాళ్ల విస్తరాకుల సంగతి మన కళ్లతో చూస్తున్నదే. పండించేటప్పుడు మడిలో ఒకసారి, పారేసిన తర్వాత జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డులో కుళ్లి ఇంకోసారి, ఒకే మెతుకు రెండుసార్లు మీథేన్ ఇస్తోంది. తడి చెత్తను గాజు పెంకులు, ప్లాస్టిక్ లేకుండా వేరు చేసి ఎరువు చేసి ఇస్తే మన పొలాలకు వాడుకుంటాం. యూరియా బస్తా కొంత తగ్గుతుంది.

జొన్న, సజ్జ, కొర్ర నిలవ నీళ్లు లేకుండా పండుతాయి. నగరంలోని హాస్టళ్లు, బడులు, ఆసుపత్రులు వారానికి రెండు పూటలు వాటిని వండితే, మద్దతు ధరకు కొంటామని విత్తే ముందే చెబితే, వరి నుంచి మళ్లడానికి మన రైతులు సిద్ధమే. కొనే దిక్కు లేకుండా పంట మార్చమంటే మాత్రం ఎవరూ మార్చరు.

ఇక కట్టడాలు, కరెంటు, బస్సులు. బూడిద, స్లాగు కలిపిన సిమెంటు వాడటం, కూల్చిన ఇళ్ల శిథిలాలను మళ్లీ వాడటం, మిద్దెల మీద సోలార్ పలకలు, కార్ల కంటే ముందు బస్సులు. ఇవేవీ కొత్త విషయాలు కావు. నగరం లెక్కలో సిమెంటు, స్టీలు పద్దు కనబడితేనే వాటి మీద ఒత్తిడి వస్తుంది. కనబడనిదాన్ని ఎవరూ తగ్గించరు.

మన డిమాండ్లు

1. హైదరాబాదు నగరానికి వినియోగాన్ని బట్టి కర్బన లెక్కను ప్రభుత్వం కట్టించాలి. తిండి, నిర్మాణం, కరెంటు, రవాణా, బట్టలు, సామాన్లు విడివిడిగా, ఆదాయ వర్గాల వారీగా తెలుగులో ప్రచురించాలి. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్‌కు కూడా.

2. వరి మీథేన్, సాగు కరెంటు, ఎరువుల ఉద్గారాలను ఆ పంట ఎక్కడ తింటున్నారో ఆ ఖాతాలో చూపాలి. మన బియ్యం కేరళ, తమిళనాడు, విదేశాలకు పోతే అక్కడి ఖాతాలోనే రాయాలి.

3. కర్బనం పేరు చెప్పి మద్దతు ధరలో, కొనుగోళ్లలో, వ్యవసాయ కరెంటులో ఏ కోతా పెట్టకూడదు.

4. తడిపి ఆరబెట్టే పద్ధతి చేసిన రైతుకు, కౌలు రైతుకు కూడా, ఎకరాకు నేరుగా సాయం ఇవ్వాలి. పంట తగ్గితే పూచీ ఉండాలి. కాలువల కింద నీటి తేదీలు ముందే ప్రకటించి తప్పకుండా పాటించాలి.

5. నగర పాలక సంస్థలు తడి చెత్తను ఎరువు చేసి రవాణా ఖర్చు భరించి ఊళ్లకు అందించాలి.

6. ప్రభుత్వ హాస్టళ్లు, బడులకు జొన్న, ఇతర చిరుధాన్యాలు మద్దతు ధరకు రైతుల దగ్గరే కొనాలి.

వచ్చే నెల మండల సమావేశాల్లో ఈ ఆరు డిమాండ్ల మీద చర్చ పెట్టండి. ఎకరం, ఫ్లాటు లెక్క బోర్డు మీద వేసి చూపించండి. మీ ఊళ్లో దిగుబడి వేరైతే ఆ అంకె వేసుకోండి. నగరంలో ఉన్న మీ పిల్లలకు, బంధువులకు కూడా ఈ వ్యాసం చదివి వినిపించండి. ఈ లెక్క వాళ్ల మీద కోపంతో వేసింది కాదు. వాళ్ల కంచంలో అన్నం మనం పండించిందే. దాని ఖర్చులో, దాని బాధ్యతలో వాళ్లూ వాటా పంచుకోవాలనే మనం అడుగుతున్నాం.